కారవాన్‌లో మూడో రోజు

కారవాన్ కొనమని పోరింది చరణ్‌తేజ్. కొన్నది వాళ్ల బావ సుబ్బరాజు. అందుకని ఆ మూడు రోజుల్లో జరిగిన ప్రతి తప్పునీ ఇద్దరూ చెరిసగం పంచుకోవాల్సి వచ్చింది.

సుబ్బరాజుది భీమవరం. అబుదాబిలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో పర్చేజ్ మేనేజర్. భార్య మణి, కూతురు స్నిగ్ధతో మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లా పై అంతస్తులో కాపురం. చరణ్ మణికి తమ్ముడు. దుబాయ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి ఆఫీసు అయ్యాక కారవాన్ల వీడియోలు చూస్తూ కూర్చునే తీరిక ఉంది. అన్ని వీడియోలు చూశాక, నడపడం ఒక్కటే మిగిలిందని అతని నమ్మకం.

డిసెంబరులో నేషనల్ డే సెలవులు శని, ఆదివారాలతో కలిసొచ్చాయి. ల్యాండ్ క్రూయిజర్ వెనక, చక్రాల మీద చిన్న ఇల్లులాంటి ఆ సెకండ్ హ్యాండ్ కారవాన్ తగిలించుకుని నలుగురూ లివా ఎడారికి బయల్దేరారు. తారురోడ్డు దిగాక ఇసుక దారిలో మిగిలిన దూరం ఈడ్చుకుపోవడానికి మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి ఎత్తయిన దిబ్బల మధ్య, గాలి తగలని ఒక పల్లంలో గట్టి నేల చూసి ఆపారు.

"ఇక్కడ సిగ్నల్ లేదు," అంది స్నిగ్ధ, ఫోను పైకెత్తి.

"అందుకేగా వచ్చాం," అన్నాడు చరణ్.

మణి ఆ మాటకి నవ్వలేదు. ఆమె చేతిలో నీలం రంగు డబ్బా ఉంది. అందులో స్నిగ్ధ ఇన్సులిన్ పెన్నులున్నాయి.

స్నిగ్ధకి పదిహేనేళ్లు. ఎనిమిదో ఏట నుంచి టైప్ వన్ షుగర్. ఆ పిల్ల ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. తినే ముందు పొడుచుకునే పెన్ను ఒకటి, రోజంతా పనిచేసేలా రాత్రి పడుకోబోయే ముందు పొడుచుకునేది ఇంకొకటి. జబ్బకి అతికించిన సెన్సర్ షుగర్ ఎంత ఉందో ఫోనుకి చెబుతూ ఉంటుంది. మందు పడితే అందరి పిల్లల్లాగే ఉంటుంది. పడకపోతే రోజు తిరిగేలోగా ఆస్పత్రి పాలవుతుంది. ఇది ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఎండకి ఇన్సులిన్ పాడవుతుందని మణి భయం. డిసెంబరులో ఎడారి పగలు కూడా హాయిగానే ఉంటుంది. కానీ ఎడారి అనగానే ఆమెకి కాలుతున్న పెనమే కనబడుతుంది. స్నిగ్ధ తిండికి ముందు వాడుకునే పెన్ను తన పర్సులో పెట్టుకుంది. మిగతావన్నీ మణి ఫ్రిజ్‌లోకి చేర్చింది. బాగా చల్లగా ఉంటుందని లోపల వెనక గోడకి ఆనించి పెట్టింది. పక్కనే ఇంటినుంచి తెచ్చిన పెరుగు గిన్నె.

సాయంత్రానికి ఫ్రిజ్ చల్లబడనే లేదు.

కారవాన్ ఫ్రిజ్ ఇంట్లో ఫ్రిజ్ లాంటిది కాదు. అది గ్యాస్ మంటతో చల్లబడుతుంది. గ్యాస్ లేకపోతే కారు బ్యాటరీ మీద నడుస్తుంది. చరణ్ దాని ముందు గొంతుక్కూచుని మీట చివరిదాకా తిప్పాడు.

"ఇంతకంటే ఎక్కువ లేదక్కా. ఫుల్లు పెట్టేశాను."

"పెట్టావు సరే, ఈ గదేంటి ఇలా వాలిపోయింది?" అంది మణి. స్టవ్ మీద మూకుట్లో నూనె అంతా ఒక పక్కకే పోయింది. ఆమ్లెట్ అర్ధచంద్రంలా వస్తోంది.

చరణ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో, ఫ్రిజ్ అందుకే పనిచేయట్లేదు. కారవాన్ సమంగా నిలబడకపోతే ఇది చల్లబడదు. వీడియోలో చెప్పాడు."

"వీడియోలో చెప్పినవన్నీ ఆమ్లెట్ వేశాకే గుర్తొస్తాయా నీకు?" అన్నాడు సుబ్బరాజు.

బావా బావమరుదులు పల్లంగా ఉన్న వైపు చక్రం కింద చెక్కలు పెట్టి, కారుతో కాస్త ముందుకు లాగి, కారవాన్‌ని చెక్కల మీదకి ఎక్కించారు. నాలుగు మూలలా ఇనప కాళ్లు దించి, తలుపు ముందు గుడారం చాచారు. మూకుట్లో నూనె మధ్యకొచ్చింది. ఆ పని అయ్యేసరికి ఇద్దరూ ఎంత మురిసిపోయారంటే, ఫ్రిజ్ మీట వెనక్కి తిప్పాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

రాత్రి స్నిగ్ధ భోజనానికి ముందు ఒక పెన్ను, పడుకోబోయే ముందు ఒక పెన్ను పొడుచుకుంది. రెండోది మణి మళ్లీ ఫ్రిజ్‌లో అదే చోట పెట్టింది.

రెండో రోజు పొద్దున్నే సుబ్బరాజు తలుపు వైపు అరలోంచి మంచినీళ్ల సీసా తీశాడు. సీసాలో ఐసు ముక్కలు తేలుతున్నాయి.

"చూశావా మణీ? ఎడారిలో ఐసు," అన్నాడు. సీసా ఊపి అందరికీ వినిపించాడు. చరణ్ ఆ సీసాని ఫొటో తీశాడు. లోపల వెనక గోడ దగ్గర ఏముందో ఎవరూ చూడలేదు.

ఆ పొద్దున వాళ్ల గొడవ వేరే. సింకులో నీళ్లు దిగడం మానేశాయి. రాత్రి మణి అన్నం వార్చి, గంజి సింకులోనే వంచింది. కారవాన్ కింద వాడిన నీళ్లు చేరే తొట్టి ఉంటుంది. గంజి అక్కడికి పోయే గొట్టంలో చల్లారి జిగురులా పట్టుకుంది.

"గంజి పోయకూడదని ఏ వీడియోలోనూ చెప్పలేదు బావగారూ," అన్నాడు చరణ్, గొట్టంలోకి తీగ దూరుస్తూ.

"వాళ్లెవరూ అన్నం వార్చుకోరు కదా. ఎలా చెబుతారు?"

"మనింట్లో ఇంతకాలం సింకులోనే పోశాను. అక్కడ ఏమీ అవలేదు," అంది మణి. ఆ సంగతి అంతటితో ఖలాస్ అన్నట్టు గిన్నెలు బయట ఇసుకతో తోముకోవడం మొదలెట్టింది.

మధ్యాహ్నం కోడి పులావు. పెద్ద గిన్నె, సన్నని మంట, మూత మీద బరువు. సుబ్బరాజుకి పులావు విషయంలో తొందర నచ్చదు. అది దమ్ము మీద ఉండగానే స్టవ్ ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. ఒక్క సిలిండరే తెచ్చారు. పులావు ఎలాగూ ఉడికింది. ఫ్రిజ్ సంగతి ఏమిటన్నది ప్రశ్న.

"కారు బ్యాటరీ మీద పెట్టేద్దాం," అన్నాడు చరణ్. కారవాన్ ఇంకా కారుకి తగిలించే ఉంది. అల్ ఖూజ్‌లో ఒక గ్యారేజీలో కారుకి కారవాన్ కరెంటు సాకెట్ బిగించినప్పుడు, ఇంజిన్ ఆపినా కరెంటు వచ్చేలా పెట్టమని పట్టుబట్టినవాడు అతనే. ఎప్పటికైనా పనికొస్తుందని అప్పుడు చెప్పాడు. ఇప్పుడు పనికొచ్చింది. మీట తిప్పితే ఫ్రిజ్ మీద ఎర్ర లైటు వెలిగింది. కారు బ్యాటరీకి దాన్ని నడిపే ఓపిక ఉంటుంది గానీ చల్లబరిచే శక్తి చాలదు. లోపల గడ్డకట్టినవన్నీ సాయంత్రానికి నిశ్శబ్దంగా కరిగిపోయాయి.

పులావుతో స్నిగ్ధ పర్సులో ఉన్న పెన్ను అయిపోయింది. రాత్రి తిండికి ముందు మణి ఫ్రిజ్‌లోంచి కొత్తది తీసి ఇచ్చింది. చల్లగా, తేటగా, ఎప్పటిలాగే ఉంది.

తిన్న తర్వాత షుగర్ ఎక్కడం మొదలైంది. ఫోనులో గీత దిబ్బలా పైకి లేచింది. మణి ఇంకొంచెం మందు వేయించింది. గీత వంగలేదు.

"ఏం తిన్నావే?" అంది.

"నువ్వు పెట్టిందే. పొద్దున చేసిన చపాతీలు రెండు, కూర."

మణి అల్మరా తెరిచింది. ఆత్రేయపురం నుంచి ఎవరో తెచ్చిచ్చిన పూతరేకుల డబ్బా అందులో ఉంది. మూత తీసింది. సగానికి సగం లేవు.

"ఇవేమయ్యాయి?"

"నాకు తెలీదు."

"షుగరు దానంతటదే పెరుగుతుందా?"

"నేను తినలేదమ్మా."

మణి కూతురి సంచి తీసి దులిపింది. పుస్తకం, ఛార్జర్, స్వెట్టర్ పడ్డాయి. కాగితం ముక్క కూడా దొరకలేదు. స్నిగ్ధ తల్లి వైపు చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. పడుకునే ముందు పొడుచుకోవాల్సిన పెన్ను తల్లి అందిస్తే తీసుకుంది, పొడుచుకుంది, తిరిగిచ్చేసింది. సుబ్బరాజు ఏదో అనబోయి దగ్గాడు. చరణ్ దుప్పటి ముసుగేశాడు.

మూడో రోజు తెల్లారేసరికి స్నిగ్ధ రెండుసార్లు వాంతి చేసుకుంది. పెదాలు ఎండిపోయాయి. ఊపిరి లోతుగా, బలంగా తీస్తోంది, మెట్లెక్కి వచ్చినదానిలా. ఫోనులో అంకె పోయి 'హై' అన్న మాట మిగిలింది. మణి కీటోన్లు చూసే పట్టీ తీసి పరీక్ష చేసింది. పట్టీ ముదురు ఊదా రంగుకి తిరిగింది. ఇన్సులిన్ దొరకని ఒళ్లు తన కొవ్వుని తానే కాల్చుకుంటోందని దాని అర్థం.

సుబ్బరాజు మంచం అంచున కూర్చున్నాడు. "మణీ, పూతరేకులు తిన్నది నేను."

ఆమె అతని వైపు ఒక్కసారి చూసింది. "రాత్రెందుకు చెప్పలేదు?"

"నన్ను కూడా తినొద్దన్నావు కదా."

ఇంకెప్పుడైనా అయితే అది పెద్ద గొడవే. ఇప్పుడు మణికి దానికి టైము లేదు. పిల్ల తినలేదు. మందు రెండు రకాలూ వేసింది. మరి షుగర్ ఎందుకు దిగలేదు? ఆలోచిస్తూనే, పిల్లకి నీళ్ల మజ్జిగ ఉప్పేసి ఇద్దామని ఫ్రిజ్ తెరిచి పెరుగు గిన్నె తీసింది.

గిన్నెలో పైనంతా నీళ్లు. అడుగున ఇసుక రవ్వల్లా విరిగిన పెరుగు. వాసన చూసింది. పులవలేదు. నాలిక మీద వేసుకుంది. రుచి మారలేదు. పుల్లబడిన పెరుగు ఇలా ఉండదు. పాడైనదీ ఇలా ఉండదు. ఒకసారి ఊరెళ్తూ పొరపాటున ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోయిన పెరుగు, తిరిగొచ్చాక ఇలాగే ఉంది.

"ఏవండీ, ఈ పెరుగు గడ్డకట్టి కరిగింది," అంది.

"పెరుగు సంగతి ఇప్పుడెందుకు మణీ?"

మణి మళ్లీ ఫ్రిజ్‌లోకి వంగింది. గిన్నె ఉన్నచోటు పక్కనే వెనక గోడకి ఆనించి పెట్టిన నీలం డబ్బా బయటికి తీసింది. పెన్నుని వెలుతురుకి ఎత్తి చూసింది. పైకేమీ తెలియడం లేదు. కానీ ఇన్సులిన్ ఒకసారి గడ్డకడితే తర్వాత కరిగినా అది ఉత్త నీళ్లే అని, వ్యాధి బయటపడిన మొదటి వారంలోనే నర్సు చెప్పింది. ఎండ భయంలో మణి ఆ మాటే మర్చిపోయింది.

"నిన్న రాత్రి నుంచి దీనికి మందే పడలేదు," అంది. "ఉన్నవన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కటి కూడా పనికిరాదు. ఆస్పత్రికి పోవాలి, ఇప్పుడే."

సుబ్బరాజు కారు వైపు పరుగెత్తాడు. బటన్ నొక్కాడు. డాష్‌బోర్డులో లైట్లు ఒకసారి మినుకుమని ఆరిపోయాయి. మళ్లీ నొక్కాడు. టిక్కుమని చిన్న చప్పుడు. మూడోసారి ఆ చప్పుడు కూడా రాలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి ఫ్రిజ్ కారు బ్యాటరీని తాగేసింది.

చరణ్ ఫోను అందుకున్నాడు. "నేను దిబ్బ ఎక్కి ఫోన్ చేస్తాను," అని ఇసుకలో చేతులు కాళ్లు ఆడిస్తూ పైకి పాకాడు. పైన సిగ్నల్ ఒక గీత వచ్చింది. అంబులెన్స్ వాళ్లు ఎత్తారు. అతను పేరు చెప్పేలోగా తెగిపోయింది. మళ్లీ కలవలేదు. జారుతూ కిందికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

"నడిచి రోడ్డు దాకా పోనా?"

"ఎంత సేపు పడుతుంది?" అంది మణి.

లోపల స్నిగ్ధ మళ్లీ వాంతి చేసుకుంటున్న శబ్దం వినబడింది. మణి పిల్లని పట్టుకోవడానికి బాత్రూంలోకి పోయింది. అక్కడ లైటు వెలుగుతోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"చరణ్, కారు చచ్చిపోతే ఈ లైటు ఎలా వెలుగుతోందిరా?"

"దానికి వేరే బ్యాటరీ అక్కా. కారవాన్‌కి సొంతం. పైన సోలార్ పలక ఉంది, దాంతో ఛార్జ్..." మాట మధ్యలోనే ఆగాడు.

"అయితే అది తీసి కారుకి పెట్టండి."

చరణ్ అప్పటికే స్పానర్ కోసం పెట్టె బోర్లించాడు. కారవాన్ ముందువైపు పెట్టెలోంచి బ్యాటరీ ఊడదీసి, బిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్తో ఎత్తి కారు బోనెట్ దగ్గరికి తెచ్చాడు. కేబుళ్ల కోసం వెతకాల్సిన పని లేదు. ఈ దేశంలో ఎండాకాలం బ్యాటరీలు చెప్పకుండా పోతాయి కాబట్టి, సీటు కింద రెండు బ్యాటరీల్ని కలిపే జంపర్ కేబుల్ లేని కారు అరుదు.

"ఎరుపు ప్లస్సుకి. తప్పు పెట్టావంటే రెండూ పోతాయి," అన్నాడు సుబ్బరాజు.

"తెలుసు బావగారూ."

"నీకు తెలుసు అన్నప్పుడే నాకు భయం."

కేబుళ్లు పెట్టి కొంచెం సేపు ఆగారు. ఆగడం కష్టంగా ఉంది. మణి స్నిగ్ధని పొదివి పట్టుకుని తెచ్చి వెనక సీట్లో పడుకోబెట్టింది. పిల్ల ఊపిరిలో పండిన పండు వాసన వస్తోంది. కీటోన్లు బాగా పెరిగితే వచ్చే ఆ వాసన మణికి తెలుసు.

సుబ్బరాజు బటన్ నొక్కాడు. ఇంజిన్ ములిగి, ఆగి, మళ్లీ ములిగి, అందుకుంది.

"ఇంజిన్ ఆపకండి," అన్నాడు చరణ్, కేబుళ్లు ఊడదీస్తూ. "బావగారూ, కాళ్లు ఎత్తేసి, గుడారం మడిచేస్తే..."

"కారవాన్ వద్దు," అంది మణి. "వచ్చేటప్పుడు ఈ బండిని ఈడ్చడానికి ఎంతసేపు పట్టిందో చూశారుగా. విప్పేయండి."

సుబ్బరాజు ఒక్క క్షణం దాని వైపు చూశాడు. కొత్తగా వేయించిన కర్టెన్లు, చాచి ఉన్న గుడారం, లోపల నలుగురి బట్టలు. "సరే, విప్పెయ్," అన్నాడు.

చరణ్ కారవాన్ ముందువైపు ఇనప కాళ్లు రెండూ ఎత్తేశాడు. కొక్కెం విడదీసే పిడి పట్టుకుని, మూతి కింద ఉన్న చిన్న చక్రాన్ని నేలకి దించుతూ కారవాన్‌ని పైకి లేపాడు. కొక్కెం ఊడింది. ఊడగానే కారవాన్ కదిలింది.

కారవాన్ హ్యాండ్ బ్రేక్ సుబ్బరాజు వేశాడని చరణ్ అనుకున్నాడు. చరణ్ వేశాడని సుబ్బరాజు అనుకున్నాడు. చక్రాలకి అడ్డు రాళ్లు ఎవరూ పెట్టలేదు. చెక్కల మీద ఎక్కించిన చక్రం జారింది. వెనక కాళ్లు రెండూ వంగిపోయాయి. కారవాన్ గుడారాన్ని చింపుకుంటూ వెనక్కి దొర్లడం మొదలెట్టింది. చరణ్ పిడి వదల్లేదు. రెండడుగులు దానితో పాటే ఈడ్చుకుపోయాడు.

"వదిలెయ్, చరణ్."

"ఆపుతాను బావగారూ..."

సుబ్బరాజు వెళ్లి అతన్ని చొక్కా కాలరు పట్టుకుని లాగాడు. ఇద్దరూ ఇసుకలో పడ్డారు. కారవాన్ వాలు దిగి, వెనకున్న దిబ్బలో వెనకభాగం కూరుకుపోయి ఆగింది. ఒక కిటికీ పగిలిన చప్పుడు. తర్వాత లోపలెక్కడో గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడుతున్న చప్పుడు, చాలాసేపు.

"యల్లా, ఎక్కండి," అంది మణి కారులోంచి. ఆమె అటువైపు తల కూడా తిప్పలేదు.

ఇసుక దారిలో సుబ్బరాజు ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపాడు. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి మొన్నే తగ్గించి ఉండటం ఒక్కటే ఈ ప్రయాణంలో వాళ్లు సరిగ్గా చేసిన పని. తారురోడ్డు ఎక్కుతూనే చరణ్ ఫోనుకి సిగ్నల్ వచ్చింది. అవతల మాట్లాడిన మనిషి ముందు ఇంగ్లీషులో, తర్వాత హిందీలో అడిగాడు. పిల్ల వయసు, ఊపిరి ఎలా ఉంది, మాట్లాడితే పలుకుతోందా.

"పలుకుతోందా అక్కా?"

"స్నిగ్ధా. అమ్మలూ. నీ పేరేంటి?"

"విసిగించకమ్మా," అంది స్నిగ్ధ, కళ్లు తెరవకుండా.

"పలుకుతోంది," అంది మణి.

ఆగకుండా వస్తూనే ఉండమన్నారు, అంబులెన్స్ ఎదురొస్తుందన్నారు. దారిలో ఒక పెట్రోలు బంకు దగ్గర రెండు బండ్లూ కలుసుకున్నాయి. స్ట్రెచర్ మీదకి మార్చి, చేతికి సెలైన్ పెట్టి, తలుపు మూశారు. మణి పిల్లతో ఎక్కింది. మదీనత్ జాయెద్ ఆస్పత్రిలో డాక్టరు ఆ పెన్నులు చూపించమన్నాడు. వెలుతురుకి పట్టి చూసి, బల్ల మీద పెట్టేశాడు.

"చూస్తే తెలియదు. మీకెలా తెలిసింది?" అన్నాడు.

"పక్కన పెరుగుంది," అంది మణి. డాక్టరుకి ఏమర్థమైందో గానీ, రాసుకున్నాడు.

ఇంకొంచెం ఆలస్యమై ఉంటే ఐసీయూ అని చెప్పాడు. ఇప్పుడు వార్డు చాలు అన్నాడు. మధ్యాహ్నం దాటాక గీత వంగడం మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత స్థిరంగా. సాయంత్రానికి స్నిగ్ధ లేచి కూర్చుంది. మణి మంచం పక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"నువ్వు తినలేదన్నావు."

"ఊఁ."

"నేను నమ్మలేదు."

"సంచి కూడా దులిపావు."

"దులిపాను. తప్పు చేశాను."

స్నిగ్ధ దుప్పటి అంచు చూస్తూ కూర్చుంది. "నువ్వు నమ్మి ఉంటే రాత్రే తెలిసేదేమో," అంది.

"తెలిసేది," అంది మణి.

అప్పుడే సుబ్బరాజు ఫోన్ చేశాడు. ఒక రికవరీ బండిని వెంటబెట్టుకుని అతనూ చరణూ పల్లంలోకి తిరిగి వెళ్లారు. ఇప్పుడు దిబ్బ పైకెక్కి మాట్లాడుతున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది. కారవాన్ బయటికి లాగామన్నాడు. ఒక కిటికీ, గుడారం, వెనక కాళ్లు పోయాయన్నాడు. చరణ్ మోచేతులు గీరుకుపోయాయన్నాడు. ఆఖరికి అసలు విషయం అడిగాడు.

"మణీ, దీన్ని ఇటునుంచి ఇటే అమ్మేస్తే మేలేమో. అడిగినవాడికిచ్చేద్దామా?"

మణి ఫోనుని స్పీకర్ మీద పెట్టి కూతురి ఒళ్లో పెట్టింది. "మీ నాన్న కారవాన్ అమ్మేద్దామంటున్నారు. నువ్వు చెప్పు."

"నన్నెందుకు అడగడం?"

"ప్రాణం మీదికొచ్చింది నీకే కాబట్టి."

స్నిగ్ధ ఫోను చేతిలోకి తీసుకుంది. మొన్న రాత్రి దిబ్బ మీద పడుకుని చూసిన నక్షత్రాలు గుర్తొచ్చాయో, తండ్రి గొంతులో నీరసం వినబడిందో, ఏమో.

"అమ్మొద్దు నాన్నా. కిటికీ బాగుచేయించండి," అంది. "కానీ నా మందు ఎక్కడ పెట్టాలో మీ ముగ్గురూ చెప్పకండి. అది నేను చూసుకుంటాను."

అవతల గాలి హోరులో చరణ్ గొంతు వినబడింది. హ్యాండ్ బ్రేక్ వేశారా బావగారూ అని అడుగుతున్నాడు.